తక్కువ ఖర్చుతో సొంత ఊరి ర్యాప్ వీడియో: మొదటి మాట నుంచి చివరి షాట్ వరకు

కర్నూలు, అనంతపురం, కడప వైపు ర్యాప్ రాసే పిల్లలు కలిసినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: “అన్నా, వీడియోకి ఏ కెమెరా తీసుకోవాలి?” మీ చేతిలో ఉన్న ఫోను చాలు. దాని తర్వాత అడగవలసిన ప్రశ్నలు ఇంకా చాలా ఉన్నాయి. ఏ చోట తీయాలి, ఎవరి అనుమతి కావాలి, చేతిలో చెక్కలు మోగిస్తూ పాడే చెక్కభజన గురువుగారి లయకు మన బీట్ ఎలా కలపాలి, ఉన్న పదిహేను వేలు దేనికి ఖర్చు పెట్టాలి. వీడియో నిలబడేదీ పడిపోయేదీ అక్కడే కాబట్టి ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

కావలసినవి

- 1080పీ (ఫుల్ హెచ్‌డీ) రిజల్యూషన్‌లో వీడియో తీయగల ఫోను ఒకటి. అందులో కనీసం 40 జీబీ ఖాళీ ఉండాలి. ఒక పవర్ బ్యాంకు.
- ధ్వని రికార్డు చేయడానికి రెండో ఫోను. స్నేహితుడిదైనా పరవాలేదు.
- చిత్రీకరణలో పాట వినిపించడానికి గట్టిగా మోగే స్పీకరు, ఒక ట్రైపాడ్.
- తెల్ల థర్మోకోల్ షీట్లు రెండు, పలుచని తెల్ల పంచె ఒకటి, బట్టల క్లిప్పులు.
- మిక్సింగ్ పూర్తయిన పాట. సగం పాటతో షూటింగుకు వెళ్లకండి. తర్వాత ఒక్క మాట మార్చినా పెదవులు కలవవు.
- గళ్ల నోటుపుస్తకం, తెల్ల కాగితాలపై తెలుగులో రాసిన అంగీకార పత్రాలు.

1. ఒక పనిని పట్టుకోండి

“మా సీమ సంస్కృతి మొత్తం చూపిస్తాను” అని మొదలుపెట్టిన వీడియోలో కోట, గుడి, సంగటి ముద్ద, డప్పు, జాతర అన్నీ మూడేసి సెకన్లు కనిపించి పోతాయి. చూసినవాళ్లకు ఏదీ గుర్తుండదు. ఒక పని, ఒక ఊరు, ఒకరిద్దరు మనుషులు చాలు. ఆదోని పత్తి మార్కెట్లో బోరాలు మోసే హమాలీ, బేతంచెర్ల నాపరాళ్ల పాలిషింగ్ మిషన్ దగ్గర తడి చేతులతో నిలబడ్డ మనిషి, ధర్మవరం మగ్గం, తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తలలు వంచుకుని వజ్రాలు వెతికే జనం, తెల్లవారుజామున ఉగ్గాని (బొరుగుల ఉప్మా), బజ్జీ అమ్మే బండి. వీటిలో ఏ ఒక్కటైనా రెండున్నర నిమిషాల పాటకు సరిపోతుంది. మీ ఇంట్లోవాళ్లు చేసే పని అయితే మరీ మంచిది. అనుమతి ఇంట్లోనే దొరుకుతుంది, వివరాలు మీకు ముందే తెలుసు.

ఒక హెచ్చరిక. సీమ అనగానే సుమోలు, వేటకొడవళ్లు, నాటుబాంబులు గుర్తొస్తే ఆ ఆలోచనను అక్కడే ఆపండి. ఆ గొడవల్లో మనుషులను పోగొట్టుకున్న ఇళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల వీధిలో కొడవలి పట్టుకుని పాడటం నాకు ఎంతమాత్రం నచ్చదు. పైగా నడివీధిలో ఆయుధాలు తిప్పుతూ వీడియో తీస్తే పోలీసు కేసు ఎదుర్కోవలసి వస్తుంది.

సరి చూసుకునే పద్ధతి: “ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు” అన్నది ఒక్క వాక్యంలో రాయండి. రెండో వాక్యం అవసరమైతే మీ ఆలోచన ఇంకా పరుచుకునే ఉంది, తగ్గించండి.

2. మాటలను లెక్కలో పెట్టండి

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. అందుకే “ఉన్నాను, అన్నాను, కన్నాను” అంటూ చివరి ప్రాస చాలా తేలిగ్గా దొరుకుతుంది. తేలిగ్గా దొరికేది వినేవారికీ వెంటనే విసుగు పుట్టిస్తుంది. మన పద్యాలలో ఉన్నట్టు రెండో అక్షరం మీద ప్రాస పట్టి చూడండి: కరువు, చెరువు, బరువు, పరువు. ఈ నాలుగు మాటలు నాలుగు పాదాల మొదట్లో పడితే ర్యాప్‌కు వెన్నెముక వచ్చేస్తుంది.

వేగం లెక్క ఇలా వేయండి. నిమిషానికి 90 దెబ్బల బీట్ అనుకుందాం. ఒక్కో బార్‌లో నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బలో నాలుగు గళ్లు, మొత్తం పదహారు గళ్లు. గళ్ల పుస్తకం అందుకే. లఘువుకు, అంటే పొట్టిగా పలికే అక్షరానికి ఒక గడి, గురువుకు, అంటే పొడవుగా పలికేదానికి రెండు గళ్లు ఇవ్వండి. “కరువు” మూడు లఘువులు, మూడు గళ్లు. “గండికోట”లో గం రెండు, డి ఒకటి, కో రెండు, ట ఒకటి, మొత్తం ఆరు. “తుంగభద్ర” కూడా ఆరే, ఎందుకంటే ద్ర ముందున్న భ గురువవుతుంది. ప్రతి బార్‌లో రెండు మూడు గళ్లు ఊపిరికి వదలండి. ఈ వేగంలో సెకనుకు ఆరు గళ్లు గడిచిపోతాయి. ఊపిరికి చోటు వదలకపోతే ఎండలో నాలుగో టేకుకే గొంతు ఎండిపోతుంది.

ఊరి మాట వాడేటప్పుడు ఒకసారి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వేరుశనగనే తీసుకోండి. ఒక ఊరిలో చెనక్కాయలు అంటారు, ఇంకొక ఊరిలో బుడ్డలు అంటారు. పాట ఏ ఊరిదో ఆ ఊరి మాటే పడాలి. అవ్వకు వినిపించి, ఆమె ఏ మాట దగ్గర తల అడ్డంగా ఊపితే ఆ మాట మార్చండి.

3. బీట్, చెక్కలు: ఎక్కువ మంది తడబడేది ఇక్కడే

చాలామంది ముందు ఇంటర్నెట్‌లో ఒక బీట్ దించుకుని, పాట అయిపోయాక “ఇక్కడ కొంచెం డప్పు కలుపుదాం” అంటారు. అలా కలిపింది అతికించినట్టే వినిపిస్తుంది. ముందు జానపద కళాకారుల దగ్గరకు వెళ్లండి, తర్వాత బీట్ చేయించుకోండి.

మన జిల్లాల్లో ఎవరున్నారో చూడండి. చెక్కభజన బృందాలు ఇప్పటికీ ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. అనంతపురం వైపు ఉరుములు అనే వాద్యం వాయించేవాళ్లున్నారు. కర్నూలు వైపు ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకుని డమరుకం మోగించే గురవయ్యలున్నారు. డప్పు, తప్పెట సరేసరి. నేను ఎక్కువగా పనిచేసింది చెక్కభజన వాళ్లతో కాబట్టి ఆ ఉదాహరణే చెబుతాను.

చెక్కలు రెండు. ఒకదానికి బొటనవేలు, ఇంకొకదానికి మిగతా వేళ్లు. చెక్కల గాడుల్లో పలుచని లోహపు బిళ్లలు ఉంటాయి. చెక్కకు చెక్క తగిలినప్పుడు “టక్” అన్న శబ్దం, దాని వెనకే బిళ్లల గలగల. ఎనిమిది మంది ఒకేసారి కొడితే ఆ గలగల ఫోను మైకును ముంచేస్తుంది. దగ్గర పెట్టి రికార్డు చేస్తే చెవిలో ఇసుక పోసినట్టుంటుంది. అందుకని ఇలా చేయండి:

- ఫోనును బృందం నిలబడే వలయం అంచు నుంచి రెండు మీటర్ల దూరంలో, నడుము ఎత్తులో పెట్టండి. రెండో ఫోను పాడే గురువు దగ్గర ఉండాలి. రెండూ విమానం గుర్తు నొక్కి నెట్‌వర్క్ ఆపిన స్థితిలో ఉండాలి.
- రేకుల షెడ్డు, గుడి మండపం వద్దు. ప్రతిధ్వని పాటలో కూరుకుపోతుంది. వేపచెట్టు కింద, తెల్లవారి, గాలి లేనప్పుడు తీయండి. గాలి ఉంటే మైకు మీద పలుచని నూలుగుడ్డ ఒక పొర కప్పండి.
- ఒక నిమిషం తీసి, వెంటనే రికార్డింగ్ యాప్‌లో శబ్ద తరంగం బొమ్మ చూడండి. కొండ శిఖరాల్లా ఉండాలి. పైన కత్తిరించినట్టు చదునుగా ఉంటే శబ్దం పగిలింది. ఇంకో మీటరు వెనక్కి జరగండి.

ఇప్పుడు లయ. బృందం వాయిస్తుంటే మీరు మనసులో “తకధిమి తకధిమి” అనుకోండి. సరిపోకపోతే “తకిట తకిట” అనుకోండి. జానపదంలో మూడు మూడుగా నడిచే దరువులు చాలా ఉంటాయి. తకిట నడకను నాలుగు నాలుగు నడిచే బీట్ మీద పెడితే రెండు పాదాల్లోనే జారిపోతుంది. తకిట అని తేలితే బీట్ చేసేవారికి ముందే ఆ మాట చెప్పి, మూడు నడకలోనే బీట్ చేయించుకోండి. మీ మాటలను కూడా మూడేసి గళ్లలో పొదగండి. “కరువు చెరువు బరువు” ఎలాగూ మూడేసి లఘువులే.

వేగం కొలవడానికి పదిహేను సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. మొదట్లో ఒకసారి, చివర ఒకసారి కొలవాలి. మేము మొదటిసారి తీసినప్పుడు చివర కొలవలేదు. పదకొండు నిమిషాలు చక్కగా రికార్డు చేసుకుని ఇంటికి వచ్చాం. 92తో మొదలైన భజన 118 దగ్గర ముగిసిందని ఎడిటింగుకు కూర్చున్నాకే తెలిసింది. అందులో తప్పేమీ లేదు, భజన అలా ఊపందుకోవాలి, అదే దాని ప్రాణం. తెలుసుకోకుండా వెళ్లడమే మా పొరపాటు.

దీనికి రెండు దారులున్నాయి. గురువుగారి ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, సమంగా నడిచే దరువు వినిపిస్తూ వాయించమనడం ఒకటి. లెక్క కుదురుతుంది కానీ పెద్దవాళ్ల చేతిలోని ఊగు సగం పోతుంది. రెండోది, వాళ్లను వాళ్ల పద్ధతిలోనే వాయించనిచ్చి, అందులో వేగం నిలకడగా ఉన్న ఎనిమిది బార్లు వెతికి, వాటి మీద బీట్ కట్టుకోవడం. పని ఎక్కువైనా నేను రెండోదే చేస్తాను.

హక్కుల విషయం. తరతరాలుగా పాడుతున్న పాత వరస ఎవరి సొత్తూ కాదు. కానీ దాన్ని ఇంకొకరు రికార్డు చేసి పెట్టిన ఆడియో వాళ్ల సొత్తు. అందులోంచి ముక్క కోసుకోకండి. మీ ఎదుట వాయించిన కళాకారులకు కూడా తమ ప్రదర్శన మీద 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులున్నాయి. పాట పేరు, ఇచ్చిన డబ్బు, ఎక్కడెక్కడ వాడుకుంటారు, పేర్లు వేస్తారా అన్నవి తెలుగులో ఒక పేజీ రాసి, చదివి వినిపించి, సంతకం లేదా వేలిముద్ర తీసుకోండి. ఒక ప్రతి వాళ్లకే ఇచ్చేయండి. బీట్ కొంటే దానికీ రాతపూర్వక అనుమతి ఉండాలి. “ఉచితం” అని ఉన్న బీట్ చాలావరకు డబ్బు రాని వాడకానికే ఉచితం.

4. బార్లు లెక్కపెట్టి షాట్లు రాయండి

90 వేగంలో ఒక బార్ 2.67 సెకన్లు. మొదట్లో 4 బార్లు, చరణం 16, పల్లవి 8, మళ్లీ చరణం 16, పల్లవి 8, ముగింపు 4. మొత్తం 56 బార్లు, అంటే రెండు నిమిషాల ఇరవై తొమ్మిది సెకన్లు. సగటున రెండు బార్లకు ఒక షాట్ అనుకుంటే 28 షాట్లు కావాలి.

నోటుపుస్తకంలో 28 వరుసలు గీయండి. ప్రతి వరుసలో నాలుగే విషయాలు: ఆ చోట పలికే మాట, ఏం కనిపిస్తుంది, దూరమా దగ్గరా, ఏ పూట. ఆ తర్వాత ఇంకో పది షాట్లు విడిగా రాసుకోండి. వాటిలో మనిషి ముఖం ఉండకూడదు. నాపరాయి మీద జారుతున్న నీళ్లు, చెక్కలు పట్టిన చేయి, గజ్జెల పాదాలు, బండి మీద పొగ. పెదవులు కలవని చోట కప్పిపుచ్చడానికి ఇవే దిక్కు.

సాధారణంగా జరిగే పొరపాటు: మాటలో ఉన్నదే బొమ్మలో చూపించడం. “చెరువు” అన్నప్పుడు చెరువు, “బరువు” అన్నప్పుడు మూట. నాలుగు చోట్ల అలా ఉండవచ్చు. మిగతా అంతా బొమ్మ తన దారిలో నడవనివ్వండి.

5. చోట్లు, అనుమతులు

ఇక్కడ ఆశ ఎక్కువ, సమాచారం తక్కువ. అందరికీ గండికోట కావాలి. పెన్నా లోయ అంచున తీసిన షాట్ అందంగా ఉంటుంది, నిజమే. కానీ గండికోట, గుత్తి కోట, లేపాక్షి ఆలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అక్కడ ఫోటో దిగడం వేరు, స్పీకరు పెట్టి పాట చిత్రీకరించడం వేరు. రెండో దానికి ముందుగా అనుమతి తీసుకోవాలి, రుసుము కట్టాలి. గేటు దగ్గర ఆపేస్తే రోజంతా పోతుంది. బెలూం గుహలు పర్యాటక సంస్థ చూసుకుంటుంది, అక్కడ వాళ్లను అడగాలి. నల్లమల లోపల అటవీ శాఖ అనుమతి లేకుండా కాలు పెట్టకండి. ఇంకొక మాట, 2022లో జిల్లాలు విడిపోయాయి. బెలూం, బేతంచెర్ల ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నాయి. లేపాక్షి, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. పాత జిల్లా పేరుతో రాసిన దరఖాస్తు ఇంకొక ఆఫీసుకు తిరగాల్సి వస్తుంది.

తక్కువ ఖర్చులో ప్రత్యామ్నాయం మీ ఊరిలోనే ఉంటుంది. సీమలో ఎన్నో పల్లెల్లో పాత రాతి బురుజు ఒకటి మిగిలి ఉంటుంది. రక్షిత కట్టడమని తెలిపే బోర్డు ఉందో లేదో చూసి, లేకపోతే పంచాయతీలో అడిగి, దాని ముందు తీసుకోవచ్చు. పైకి మాత్రం ఎక్కకండి, వానలకు రాళ్లు వదులై ఉంటాయి. ఎండిన వాగు, నాపరాళ్లు పరిచిన వీధి, కళ్లం, సొంతవాళ్ల పొలం కూడా బాగుంటాయి. నాపరాయి గనిలో తీయాలనుకుంటే యజమాని అనుమతితో, పని ఆగిన రోజున, అంచుకు దూరంగా తీయండి.

రోడ్డు మీద, మార్కెట్లో తీసేటప్పుడు స్థానిక పోలీస్ స్టేషన్లో తేదీ, సమయం, మనుషుల సంఖ్య రాసి ఒక కాగితం ఇచ్చి, దాని ప్రతి జేబులో పెట్టుకోండి. గుడి లోపలికైతే కార్యనిర్వహణాధికారిని అడగాలి.

డ్రోన్ గురించి తప్పక అడుగుతారు. నా సలహా, వద్దు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎగరేసే ముందు ప్రభుత్వ పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడాలి. ఓర్వకల్లు రాతివనంలో ఎగరేద్దామనుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. కర్నూలు విమానాశ్రయం ఉన్నది ఓర్వకల్లులోనే. ఎత్తు నుంచి షాట్ కావాలంటే ఊరి పక్క గుట్ట ఎక్కండి.

దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరంలో తీస్తామనేవాళ్లకు: అక్కడ ప్రతి ఏడూ తలలు పగులుతాయి. పైగా అది ఆ ఊళ్ల మొక్కు. కెమెరా పట్టుకుని ఆ గుంపులోకి వెళ్లకండి.

6. డబ్బు ఎలా పంచాలి

చేతిలో పదిహేను వేలు ఉన్నాయనుకోండి. నేను ఇలా పెడతాను:

- ఎనిమిది మంది చెక్కభజన బృందానికి 6,000
- గొంతు రికార్డింగ్, మిక్సింగ్ 2,500
- బీట్ 1,500
- ప్రయాణం 1,500
- భోజనాలు, నీళ్లు 1,500
- ట్రైపాడ్, దీపం అద్దె, థర్మోకోల్, చిల్లర 1,000
- ముట్టుకోకుండా పక్కన పెట్టేది 1,000

ఊరిని బట్టి ఈ అంకెలు మారతాయి. మారకూడనిది ఒకటుంది. కళాకారులకు వెళ్లేది అన్నిటికంటే పెద్ద మొత్తంగా ఉండాలి, అదీ చిత్రీకరణ మొదలవకముందే చేతికి అందాలి. “వీడియో బాగా వెళితే ఇస్తాం” అనే మాట వాళ్లు చాలాసార్లు విన్నారు. ఒక రోజు కూలి వదులుకుని వస్తున్నారని గుర్తుంచుకోండి. డబ్బు చాలకపోతే ఎనిమిది మంది బదులు నలుగురిని పిలవండి, కూలి తగ్గించకండి.

ఆదా చేయాలంటే కెమెరా అద్దెలో, కొత్త బట్టల్లో చేయండి. మీ పాట మగ్గం గురించి అయితే మగ్గం దగ్గర కట్టుకునే బట్టలే చాలు.

7. మనుషులతో మెలగడం

చెక్కభజన, పండరి భజన, గురవయ్యల ఆట ఇవి భక్తితో చేసేవి. గురవయ్యలు నల్ల కంబళి వేసుకుని, టోపీ పెట్టుకున్నారంటే అది దీక్ష. ఆ టోపీ అడిగి తీసుకుని మీరు పెట్టుకుని పాడటం, వాళ్లను వెనక నిలబెట్టి గంతులు వేయించడం చేయకండి. వాళ్ల వరసలో ఏ దేవుడి పేరుందో అడగండి. ఆ పేరు పడే చోట మీ చరణంలో తిట్టు ఉంటే తీసేయండి. పీర్ల పండుగ సమయంలో గూగూడు వంటి చోట్ల హిందువులు, ముస్లింలు కలిసి మొక్కుకుంటారు. అక్కడ గుండం ముందు పాట పాడుతూ తీయవద్దు. పెద్దల అనుమతి ఉంటే జనసందోహాన్ని దూరం నుంచి రెండు షాట్లు తీసుకోండి, చాలు.

బృందంతో మాట్లాడేటప్పుడు ముందు గురువుగారితో మాట్లాడాలి. పాటంతా ఆయనకు వినిపించండి. “ఈ మాటకు అర్థం ఏమిటి నాయనా?” అని అడిగితే విసుక్కోకుండా చెప్పండి. మా పాటలో రెండో చరణం ఆయన అడిగిన ఒక ప్రశ్న వల్లే మారింది. కరువు గురించి నేను గొప్పగా రాసుకున్న పాదం విని, “ఆ ఏడు మేము గడ్డి కోసం ఎడ్లను తోలుకుని వెళ్లిన దారి పేరు పెట్టు” అన్నారు. ఆ దారి పేరుతోనే ఇప్పుడు చరణం మొదలవుతుంది.

పిల్లలు కనిపిస్తే తల్లిదండ్రుల సంతకం ఉండాలి. మార్కెట్లో పని చేసుకుంటున్న ఆడవాళ్లను చెప్పకుండా దగ్గరి షాట్ తీయకండి. వద్దన్నవారి ముఖం ఎడిటింగులో తప్పకుండా తీసేయాలి.

8. చిత్రీకరణ రోజు

వేసవిలో తీయకండి. మన ఎండకు ఫోను వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది, చెప్పుల్లేని పాదాలు నాపరాయి మీద కాలతాయి. కార్తీకం నుంచి మాఘం వరకు హాయిగా ఉంటుంది. సూర్యోదయం నుంచి గంటన్నర, సాయంత్రం చివరి గంటన్నర మనుషుల మీద తీయండి. మధ్యాహ్నం నీడలో చేతులు, వస్తువుల షాట్లు తీసుకోండి.

ముందు రోజు అదే సమయానికి ఆ చోటికి వెళ్లి, వెలుతురు ఎటు నుంచి పడుతుందో చూడండి. ముఖం సగం నల్లబడితే ఎదురుగా థర్మోకోల్ షీటు పట్టించండి. ఎండ గుచ్చుతుంటే తలపైన పంచె పరిచి పట్టించండి.

ఫోనులో ఇవి సరిచేయండి: సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, వీధి దీపాల కింద ఇలా తీస్తే బొమ్మ మిణుకుమిణుకుమనదు. ముఖం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు బిగించండి. లేకపోతే నల్లరాయి ముందుకు మనిషి వచ్చిన ప్రతిసారీ ఫోను వెలుతురు పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. మామూలు ఫోను కెమెరా ఫ్రేముల వేగాన్ని తనకు తోచినట్టు మారుస్తుంటుంది. ఆ వీడియోలో పెదవులు మొదట కలిసి, నిమిషం తర్వాత జారిపోతాయి. వేగం స్థిరంగా పట్టే ఉచిత యాప్‌లున్నాయి, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా వాటిలో ఒకటి.

పాట మొదట్లో రెండు “టిక్” శబ్దాలు పెట్టుకోండి, ఎడిటింగులో కలపడానికి పనికొస్తాయి. స్పీకరు పాడేవారి దగ్గరే ఉండాలి. లోయ అవతలి నుంచో, గుట్ట మీది నుంచో తీస్తున్నప్పుడు గుర్తుంచుకోండి, ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది. 34 మీటర్ల దూరంలో ఉన్న ఫోనుకు పాట సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది, అంటే రెండున్నర ఫ్రేములు. ఆ షాట్‌ను ఎడిటింగులో అంత మేర జరపాలి.

మూడు చోట్ల పాట మొత్తం మూడేసిసార్లు తీయండి. కలిపితే ఇరవై మూడు నిమిషాల రికార్డింగు కూడా కాదు. రోజంతా పట్టేది నడకకు, సర్దుకోవడానికి. అందుకే చోట్లు మూడుకు మించకూడదు, అవి ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి.

భజన వలయాన్ని బయట నిలబడి తీస్తే వీపులే కనిపిస్తాయి. గురువుగారి అనుమతితో వలయం మధ్యలో కూర్చుని, ఫోను మోకాలి ఎత్తులో పట్టి తీయండి. గజ్జెలు, దుమ్ము, చెక్కలు, ఆపైన ఆకాశం ఒకే చట్రంలోకి వస్తాయి.

9. ఎడిటింగ్, సరిచూడటం

కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉచితంగా దొరుకుతుంది. లేకపోతే ఫోనులోని యాప్ సరిపోతుంది. ముందు పాట మొత్తం తీసిన తొమ్మిది టేకులను ఒకదాని మీద ఒకటి పేర్చి, టిక్ శబ్దాల దగ్గర కలపండి. ఆ తర్వాతే కోతలు.

పెదవులు కలిశాయా అన్నది తేల్చుకోవడానికి మన అక్షరాలే కొలబద్ద. ప, బ, భ, మ పలికినప్పుడు పెదవులు మూసుకోవాలి. “బరువు”, “పరువు” దగ్గర ఫ్రేము ఫ్రేము జరిపి చూడండి. శబ్దం వచ్చేటప్పటికే నోరు తెరిచి ఉంటే ఒకటి రెండు ఫ్రేములు జరపండి.

పేర్లు వేసేటప్పుడు ఒత్తులు విడిపోతున్నాయేమో చూడండి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో “తాడిపత్రి” విరిగి, పొల్లు అక్షరాలు పక్కపక్కన పడతాయి. అలా అయితే పేర్లను వేరే యాప్‌లో బొమ్మగా తయారు చేసుకుని తెచ్చి పెట్టండి. రామభద్ర, మల్లన్న, సురన్న, ధూర్జటి వంటి తెలుగు ఖతులు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి.

తర్వాత మూడు పరీక్షలు. శబ్దం ఆపేసి చూడండి, ఇది ఏ ప్రాంతమో, ఏ పనో తెలుస్తోందా? కళ్లు మూసుకుని వినండి, చెక్కలు పాటలో భాగంగా ఉన్నాయా, పైన చల్లినట్టున్నాయా? చివరగా, మామూలు ఫోనులో, ఎండలో, స్పీకరు మీదే పెట్టి చూడండి. అక్కడ మాట తెలియకపోతే గొంతు పెంచి, బీట్ తగ్గించాలి.

విడుదలకు ముందు వీడియోను ఫోనులో పెట్టుకుని బృందం ఉన్న ఊరికి వెళ్లండి. ఎనిమిది మంది పేర్లూ తెర మీద ఎలా పడ్డాయో వాళ్ల ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించండి. ఇంటిపేరులో దీర్ఘం తప్పినా, ఒక పేరు మరిచిపోయినా తిరిగి వచ్చి సరిచేసి, ఆ తర్వాత విడుదల చేయండి.